పేరుకున్న తూము

"మద్రాసీల ఇంట్లో పొద్దస్తమానం చావలే చావల్. మోరీ మూసుకుపోక ఏమవుతుంది?" అని మా ఇల్లుగలావిడ మొదటిసారి అన్నప్పుడు నవ్వి ఊరుకున్నాను. రెండోసారి అన్నప్పుడు నవ్వలేదు. మూడోసారి ఆవిడ మేడ మెట్ల మీద నిలబడి, పక్కింటివాళ్ళూ ఎదురింటివాళ్ళూ వినేట్టు అన్నప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. చావల్ అంటే అన్నం, మోరీ అంటే తూము. హిందీ సరిగ్గా రాని రోజుల్లో కూడా ఆ రెండు మాటలూ నాకు బ్రహ్మాండంగా అర్థమయ్యాయి.

తొంభైల మధ్యలో సంగతి. మావారికి నెహ్రూ ప్లేస్‌లో ఒక కంప్యూటర్ల కంపెనీలో ఉద్యోగం. ఢిల్లీ లక్ష్మీ నగర్‌లో ఒక సన్నటి గల్లీలో కింది వాటాలో అద్దెకుండేవాళ్ళం. మేడ మీద ఇల్లుగలావిడ, ఇద్దరు కొడుకులు, కోడలు. ఆవిడకు అరవై ఏళ్ళుంటాయి. గొంతు మాత్రం పాతికేళ్ళది. నేను ఆవిడను ఆంటీజీ అనేదాన్ని. మంచి మూడ్‌లో ఉంటే నన్ను బేటీ అనేది. లేకపోతే "తుమ్ లోగ్" అనేది. ఆ "మీవాళ్ళు" అనే మాటలో కాకినాడ నుంచి కన్యాకుమారి దాకా అందరం పడిపోయేవాళ్ళం. "ఆంటీజీ, మాది మద్రాసు కాదు, ఆంధ్రా" అని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. "అచ్ఛా అచ్ఛా, ఒకటే కదా" అనేది. ఒకటే అట!

ఢిల్లీకి వచ్చిన మూడేళ్ళలో అది మాకు నాలుగో ఇల్లు. ఒకాయన కొడుకు పెళ్ళని ఖాళీ చేయించాడు. ఒకాయన మా ఇంట్లో చింతపండు వాసన వస్తోందని చేయించాడు. ఇంకొకాయన కారణం చెప్పడం కూడా దండగ అనుకున్నాడు. ఈ ఇల్లు దొరికాక నాకు నెత్తిన పాలు పోసినట్టయింది. ఎందుకంటే బడి పది అడుగుల్లో ఉంది. మా అమ్మాయికి అక్కడ నర్సరీలో సీటు దొరకడం మామూలు విషయం కాదు. దరఖాస్తు కోసం మావారు తెల్లవారుజామున మంకీ క్యాప్ పెట్టుకుని క్యూలో నిలబడ్డారు. తర్వాత మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టి ఇంటర్వ్యూ చేశారు. పిల్లకేమో పళ్ళ పేర్లు, రంగుల పేర్లు. ఆ బడికి బస్సు లేదు. ఈ ఇల్లు పోతే ఆ సీటూ పోయినట్టే. మళ్ళీ ఇంకో చోట ఇల్లు, ఇంకో చోట క్యూ, ఇంకోసారి పళ్ళ పేర్లు. అందుకే ఆ ఇంటిని నేను ప్రాణంగా పట్టుకుని కూర్చున్నాను.

ఇక తూము. మా వంటింటి సింకు గొట్టం గోడకున్న రంధ్రంలోంచి అవతల ఆంగన్‌లోకి, అంటే మధ్య వాకిట్లోకి వెళ్ళి, ఒక చిన్న సిమెంటు గుంతలో పడేది. దాని మీద రాతి పలక మూత. పై వాటా వంటింటి గొట్టం కూడా గోడ వెంబడి దిగి ఆ గుంతలోకే వచ్చేది. అక్కణ్ణుంచి నేల కింద ఒకే గొట్టం, ఒక వంపు తిరిగి, గల్లీలోని మురుగు కాలువలోకి పోయేది. అంటే రెండు ఇళ్ళకీ ఒకటే గొంతు. ఎవరు ఏం మింగించినా అక్కడే ఇరుక్కోవాలి. మరి ఇరుక్కున్నదల్లా నా అన్నమే అని తేల్చడానికి ఆవిడకు ఏ దివ్యదృష్టి ఉందో నాకు తెలియదు!

జనవరి మొదట్లో సింకులో నీళ్ళు నిలవడం మొదలుపెట్టాయి. నేనేం కంగారుపడలేదు. మా అమ్మ నేర్పిన వైద్యం ఉందిగా. గిన్నెలన్నీ తోమేశాక ఒక పెద్ద తపేలాడు నీళ్ళు సలసలా మరిగించి సింకులో పోసేదాన్ని. గుడగుడమని శబ్దం చేసి నీళ్ళు చక్కా పోయేవి. చూశావా, జిడ్డంతా కరిగిపోయింది అని నా భుజం నేనే తట్టుకునేదాన్ని. రెండు రోజులకు మళ్ళీ నిలిచేవి. మళ్ళీ మరిగించి పోసేదాన్ని. మధ్యాహ్నం అన్నం వార్చిన గంజి కూడా వేడివేడిగా అందులోకే. కాకినాడలో గంజి పెరట్లో అరటి మొదట్లోకి పోయేది. ఇక్కడ పెరడేదీ, అరటి చెట్టేదీ?

కుక్కర్ లేదా అని అడుగుతారేమో. ఉంది. పప్పుకి. మావారికి కుక్కర్ అన్నం గొంతు దిగదు. "అది అన్నమా, సంకటా?" అంటారు. మెతుకు మెతుకూ విడిగా ఉండాలి. విడిగా ఉండాలంటే వార్చాలి. వార్చాలంటే పక్కనే నిలబడాలి. మెతుకు పట్టి చూసి, సరిగ్గా ఆ క్షణంలో దించి వంచాలి. ఒక్క నిమిషం ఆలస్యమైందా, ముద్ద. ఏడేళ్ళ కాపురంలో నా చేతులకు అది ఎంత అలవాటైందంటే, నా బుర్రతో వాటికి పనే లేకుండా పోయింది.

వేడినీళ్ళ వైద్యం పనిచేయడం మానేశాక మావారు రంగంలోకి దిగారు. కిటికీ పరదా తీసేసి, దాని స్ప్రింగు ఊడదీసి సింకు గొట్టంలోకి దూర్చారు.

"ఏవండీ, అది మళ్ళీ బయటికొస్తుందా?" అన్నాను.

"నువ్వూరుకోవే. ఇంజనీరుని నేనా నువ్వా?" అన్నారు.

రాలేదు. అరగంట లాగితే సగం వచ్చింది, సగం లోపలే ఉండిపోయింది. మర్నాడు బజారు నుంచి కాస్టిక్ సోడా తెచ్చి పోశారు. కళ్ళు మండాయి, దగ్గొచ్చింది, తూము మాత్రం చలించలేదు. ఆ ఇంజనీరుగారు చేతులు కడుక్కుని ఆఫీసుకు వెళ్ళిపోయారు. పరదా లేని కిటికీలోంచి గల్లీ మొత్తం నా వంట చూస్తూ కూర్చుంది.

ఆ మర్నాడే కొంప మునిగింది. చలికాలపు ఎండ కోసం ఆంటీజీ వాకిట్లో నులక మంచం వేసుకుని, దాని మీద తెల్లటి గుడ్డ పరిచి, క్యారెట్లూ గోబీపువ్వూ ముల్లంగీ ముక్కలు ఆరబెట్టింది. ఆచారు కోసం, అంటే ఊరగాయకి. నేను లోపల గిన్నెలు కడుగుతున్నాను. గుంత మీది పలక సందుల్లోంచి నల్లటి నీళ్ళు ఉబికి, తెల్లటి తెట్టెతో సహా మంచం కోళ్ళ చుట్టూ చేరాయి. మంచం మీద చారెడంత కూడా పడలేదు. అయినా మురుగు పక్కన పెట్టిన ఆచారు ఎవరు తింటారు? ఆ ముక్కలన్నీ ఆవిడ గల్లీలో ఆవుకి పెట్టేసింది. అప్పుడే మెట్ల మీద నిలబడి ఆ మూడోసారి మాట.

నా నోరు ఊరుకుంటుందా? "ఆంటీజీ, పొద్దున్నే పన్నెండు పరాఠాలు డాల్డాలో వేయించేది ఎవరు? మేమా?" అన్నాను. నా హిందీలో ఆడదేదో మగదేదో తేడా ఉండదు. పరాఠా మగదో ఆడదో దేవుడికెరుక. కానీ అర్థం మాత్రం పూర్తిగా అందింది.

ఆవిడ రెండు మెట్లు దిగింది. "ఠీక్ హై. రేపు జమాదార్‌ని పిలుస్తా. గొట్టంలోంచి ఏం తీస్తాడో అందరి ముందూ చూద్దాం. చావల్ వచ్చిందా, నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్యాలి. ఘీ వచ్చిందా, నేను ఇంకొక్క మాట అనను."

"ఠీక్ హై," అన్నాను నేను కూడా. తాడో పేడో తేలిపోనీ అనుకున్నాను. లోపలికొచ్చాక సింకులోకి తొంగి చూశాను. నేను రోజూ పోసే గంజిలో పది మెతుకులైనా జారి ఉండవా? సాయంత్రం మావారికి చెబితే, "నిన్నెవరు పందెం కాయమన్నారు? పిల్ల బడి సంగతి గుర్తుందా?" అని నామీదే ఎగిరారు. అన్నం వార్చమన్నదెవరు అని నేను ఎగిరాను. ఆ పూట ఇద్దరం అన్నం తినలేదు, బ్రెడ్ తిన్నాం.

మర్నాడు పది గంటలకు జమాదార్ వచ్చాడు. గల్లీలో అన్ని ఇళ్ళ మురుగూ తీసేది అతనే. నలభై ఏళ్ళుంటాయి. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. చలికి తలకు మఫ్లర్ చుట్టుకున్నాడు. చేతిలో పొడుగాటి వెదురు బద్దలు, ఒక ఇనప కొక్కెం, పాత డబ్బా. ఆంటీజీ కోడలు టీ తెచ్చింది. గుమ్మం పక్క గూట్లో ఒక పిడి లేని కప్పు ఉండేది. అది అతనొక్కడికే. దాన్ని అతనే తీసి పట్టుకోవాలి, పైనుంచి పోస్తారు, తాగి అతనే కడిగి మళ్ళీ గూట్లో పెట్టాలి. వాకిట్లోని చేతి పంపు కూడా అతను ముట్టుకోకూడదు, ఎవరో కొట్టాలి. అది చూసి నాకు చిరాకేసింది. ఏం మనుషులమ్మా వీళ్ళు, మా ఇంట్లో ఇలాంటివి లేవు అనుకున్నాను. అనుకోవడమే! అదివరకు ఒకసారి నేను టీ ఇచ్చినప్పుడు ఏం చేశానో నాకు తెలుసు. ప్లాస్టిక్ గ్లాసులో ఇచ్చి, అతను వెళ్ళాక ఆ గ్లాసు చెత్తబుట్టలో పడేశాను. ఆవిడ కప్పు దాచింది, నేను పారేశాను. అంతకు మించి తేడా ఏమీ లేదు.

అతను పలక లేపాడు. వాసనకు ఆంటీజీ చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నేను కొంగు పెట్టుకున్నాను. అతనికి చున్నీ లేదు, కొంగూ లేదు. వెదురు బద్దలు ఒకదాని వెంట ఒకటి గొట్టంలోకి తోశాడు. తిప్పాడు, లాగాడు. మొదట మా పరదా స్ప్రింగు ముక్క వచ్చింది. ఆంటీజీ నా వైపు చూసింది. నేను ఆకాశం వైపు చూశాను. తర్వాత అతను గుంత పక్కన బోర్లా పడుకుని, కొక్కెంతో గీకి, ఒక ముద్ద బయటికి తీసి డబ్బా మూత మీద పెట్టాడు. తెల్లగా, నా అరచేయంత ఉంది. అచ్చం అన్నం ముద్దే.

"దేఖా?" అంది ఆంటీజీ. "చూశావా? చావల్ హై నా?"

అతను ముద్దని రెండు వేళ్ళతో విరిచాడు. సబ్బు ముక్క విరిగినట్టు విరిగింది. బొటనవేలితో నలిపి, ఆ వేలు మా ఇద్దరికీ చూపించాడు. వేలు మెరుస్తోంది.

"చావల్ కాదు బీబీజీ. చిక్నాయీ," అన్నాడు. జిడ్డు. "ఘీ, డాల్డా, నూనె. బియ్యం గింజ ఒక్కటి లేదు. ఈ చలికి గొట్టంలో రాయిలా పేరుకుపోయింది."

అప్పుడు నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది! గల్లీ మొత్తాన్ని పిలిచి ఆ వేలు చూపించాలనిపించింది. ఆంటీజీ మొహం ముడుచుకుంది. అతను మాత్రం మా పందెం సంగతి తెలియనట్టే తన మానాన తను చెబుతున్నాడు.

"ఇంత దూరం రాకూడదు ఇది. మామూలుగా సింకు దగ్గరే ఆగుతుంది, చేత్తో తీసెయ్యొచ్చు. ఎవరో గరం పానీ పోస్తున్నారు. వేడినీళ్ళు పోస్తే జిడ్డు పోయిందనుకుంటారు. పోదు బీబీజీ. కరిగి ముందుకెళ్తుంది. నేల కింద చల్లగా ఉంటుంది కదా, అక్కడ మళ్ళీ పేరుకుంటుంది. అక్కడికి మీ చెయ్యి అందదు, నా చెయ్యి వెళ్ళాలి. ఎవరు పోస్తున్నారు గరం పానీ?"

నోరు ఊరుకోదని చెప్పుకునే దాన్ని, అప్పుడు మాత్రం చక్కగా ఊరుకున్నాను. గెలిచిన పందెం ఎవరు పాడు చేసుకుంటారు?

"కాగితంతో తుడిచి కడగండి," అన్నాడు. "గిన్నె, పళ్ళెం, పెనం, ముందు పాత అఖ్‌బార్‌తో తుడిచెయ్యండి. మిగిలిన నూనె డబ్బాలో పోసి చెత్తలో వెయ్యండి. అప్పుడు నా అవసరమే ఉండదు." తర్వాత గుంతలోకి వంగి చూసి, వంపు దగ్గర ఇంకో గడ్డ ఉందనీ, బద్దకి అందడం లేదనీ, చెయ్యి పెట్టి తియ్యాలనీ చెప్పాడు. "పదిహేను నిమిషాలు పైనా కిందా నీళ్ళు పొయ్యకండి." ఆంటీజీ పైకి చూసి కోడలికి కేకేసి చెప్పింది. నేను తల ఊపాను.

విన్నాను. అర్థమైంది. తల ఊపాను. ఇది ఎందుకు ఇంత వివరంగా చెబుతున్నానంటే, తర్వాత చాలామంది నన్ను ఓదార్చడానికి "పాపం నీకు వినబడలేదేమో, హిందీ కదా" అన్నారు. వినబడింది.

లోపలికి వచ్చాను. అమ్మాయి పన్నెండున్నరకి బడి నుంచి వచ్చేస్తుంది. పొయ్యి మీద ఎసరు మరుగుతోంది, బియ్యం పోశాను. పోసి, ఆంటీజీతో సాయంత్రం ఏమనాలో తయారుచేసుకోవడం మొదలుపెట్టాను. నాకు హిందీ అప్పటికప్పుడు రాదు, ముందుగా కూర్చుకోవాలి. "ఆంటీజీ, మీరు గల్లీ అంతా వినేట్టు అన్నారు, ఇప్పుడు గల్లీ అంతా వినేట్టు మాఫీ అడగండి." కాదు, పెద్దావిడ, మరీ బాగోదు. "ఆంటీజీ, మద్రాసీల అన్నం ఎంత శుభ్రమో చూశారా?" ఇది బాగుంది. దీన్ని అటు తిప్పి ఇటు తిప్పి మూడుసార్లు అనుకున్నాను. మధ్యలో గరిటెతో మెతుకు తీసి నలిపి చూశాను. ఉడికింది. మూత పెట్టాను, రెండు మసిగుడ్డలతో అంచులు పట్టుకున్నాను, సింకులోకి వంచాను.

గంజి అంతా పోయింది. గొట్టంలో గుడగుడమంది.

గోడ అవతల ఒక అరుపు వినబడింది. మనిషి అరుపులా అనిపించలేదు. నాకు ఒక్క క్షణం ఏమిటో అర్థం కాలేదు. తర్వాత గిన్నె అలాగే సింకులో వదిలేసి పరుగెత్తాను.

అతను గుంత పక్కన మోకాళ్ళ మీద ఉన్నాడు. కుడి చెయ్యి మోచేతి నుంచి వేళ్ళ దాకా తెల్లటి గంజి. నీళ్ళయితే జారిపోయేవి. గంజి జారలేదు, పట్టుకుని ఉంది. దాన్ని ఎడమ చేత్తో తుడుచుకోబోయి, తుడిస్తే తోలు వచ్చేస్తుందని తెలిసి ఆగి, ఆ చేతిని గాలిలో పట్టుకుని వణుకుతున్నాడు. వాకిట్లోకి నేను అడుగుపెట్టగానే నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఏమిటో తెలుసా? "నేను కావాలని చెయ్యలేదు!" అదీ తెలుగులో. అతనికి అర్థం కూడా కాని భాషలో నన్ను నేను వెనకేసుకొచ్చాను. నీళ్ళు తేలేదు, దగ్గరికి వెళ్ళలేదు. గుమ్మంలో నిలబడి అదే మాట హిందీలోకి మార్చుకుంటున్నాను.

మెట్ల మీంచి ఆంటీజీ ఎలా దిగిందో నేను చూడలేదు. అతని భుజం పట్టుకుని లేపి పంపు దగ్గరికి లాక్కెళ్ళింది. అతను ముట్టుకోకూడదన్న పంపు దగ్గరికే. ఆ చెయ్యి ధార కింద పెట్టించి, తనే రెండు చేతులా పంపు కొట్టింది. అతను చెయ్యి వెనక్కి తీసుకోబోతే, "ఉంచు! కదలకు! ఉంచు!" అని కొడుకుని తిట్టినట్టు తిట్టింది. చున్నీ జారి మురుగులో పడింది, ఆవిడ చూడలేదు. ఒక్కసారి కూడా నా మొహం చూడలేదు. పది నిమిషాలు అలా కొట్టి, కోడలితో ఉతికిన పంచె తెప్పించి చేతికి వదులుగా కప్పి, గల్లీ చివర నుంచి రిక్షా పిలిపించింది. డాక్టరు దగ్గరికి. ఎవరినో తోడిచ్చి పంపుతుందనుకున్నాను. ఆవిడే ఎక్కి అతని పక్కన కూర్చుంది.

నేనూ వస్తానన్నాను. "నీ పిల్ల వచ్చే వేళైంది. ఇంట్లో ఉండు," అంది. నిజమే. అయినా ఆ నిజం మీద కూడా నాకు కోపమొచ్చింది.

వాకిట్లో నేనొక్కదాన్నే మిగిలాను. గుంతలో గంజి మీగడ కట్టి తేలుతోంది. అతను చెయ్యి బయటికి లాగినప్పుడు వంపు దగ్గరి గడ్డ కూడా ఊడి వచ్చినట్టుంది, కాసేపటికి నీళ్ళు వాటంతటవే శుభ్రంగా పోయాయి. తూము బాగైపోయింది. లోపలికెళ్ళి గిన్నె మూత తీస్తే అన్నం పొడిపొడిగా, మల్లెపూలలా ఉంది. అంత చక్కగా అదివరకెప్పుడూ కుదరలేదు. దాని మీద ఉమ్మెయ్యాలనిపించింది. అమ్మాయి వచ్చి, పెరుగన్నం తిని, ఇవాళ టీచర్ తనకు చేతి మీద నక్షత్రం వేసిందని చూపించింది.

మూడు గంటలకు ఆంటీజీ తిరిగొచ్చింది. నేను గుమ్మంలోనే ఉన్నాను. ఖాళీ చెయ్యమంటుంది, అనాలి, అంటేనే బాగుంటుంది అనుకున్నాను.

"అతను చెప్పింది విన్నావా లేదా?" అంది.

"విన్నాను."

"మరి?"

"మరిచిపోయాను ఆంటీజీ. అన్నం ఉడికింది. చేతులు వాటంతటవే..." ఆ పైన నాకు హిందీ రాలేదు. తెలుగైనా వచ్చేది కాదు.

"ఇల్లు ఖాళీ చెయ్యక్కర్లేదు," అంది ఆవిడ. "చావల్ రాలేదు కదా. ఇచ్చిన మాట మాటే." అని పైకి వెళ్ళిపోయింది. తిడితే భరించేదాన్ని. గల్లీ అంతా వినేట్టు తిట్టినా భరించేదాన్ని. ఇల్లు నిలిచింది, బడి నిలిచింది, పందెం నేనే గెలిచాను.

రెండు రోజుల తర్వాత ఆంటీజీ వెంట అతని ఇంటికి వెళ్ళాను. రైలు పట్టాల అవతల బస్తీలో ఒక గది. చెయ్యి గుడ్డలో ఉంది. తప్పయిపోయిందని చెప్పాను. అతను తల ఊపాడు. అంతే. అతని భార్య మాత్రం ఊరుకోలేదు. "పిడికిలి బిగుసుకుంటుందో లేదో డాక్టరుకి కూడా తెలియదట. బద్ద పట్టేది ఆ చేత్తోనే. రేపణ్ణుంచి ఏం పట్టుకుంటాడు?" అని అడిగింది. నన్నే చూసి అడిగింది. తెచ్చిన పళ్ళ సంచి ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో కుక్కరే. మావారు మొదటిరోజు పళ్ళెం వైపు చూశారు, నా వైపు చూశారు, మాట్లాడకుండా తిన్నారు. ఒక్కమాట అని ఉంటే ఆ పళ్ళెం ఎక్కడికెళ్ళేదో నాకే తెలియదు. పాత పేపర్లు ముక్కలు చేసి సింకు పక్కన పెట్టాను. నెయ్యి గిన్నె, పోపు గరిటె, అప్పడాల మూకుడు అన్నీ తుడిచాకే నీళ్ళు తగలాలి. సింకు రంధ్రం మీద జల్లెడ పెట్టాను. మిగిలిన నూనె డబ్బాలోకి. ఆంటీజీ కోడలు కూడా పరాఠా పెనం తుడవడం మొదలుపెట్టింది. ముఖర్జీ నగర్‌లో ఐఏఎస్‌కి చదివే మావాళ్ళబ్బాయి ఒకడు ఆదివారం భోజనానికి వచ్చి, "ఎందుకు అక్కయ్యా ఇంత హంగామా, కాసిన్ని వేడినీళ్ళు పోస్తే పోతుంది కదా" అన్నాడు. వాణ్ణి ఆ పూట నేను తిట్టిన తిట్లు వాడి పరీక్షలో అడిగి ఉంటే ఫస్టు ర్యాంకు వచ్చేది. పాపం, వాడికేం తెలుసు? నాకు తెలిసిందే ఒక మనిషి చెయ్యి కాలాక.

మార్చి చివర్లో అతను మళ్ళీ పనిలోకి వచ్చాడు. అది మాకు తెలియడం కూడా గుంత మీది పలక జరిగిన చప్పుడుతోనే. ఏడాదికోసారి తియ్యాల్సిన మట్టి తియ్యడానికి ఆంటీజీ పిలిపించిందట. పైకి చూసి, "బీబీజీ, పానీ బంద్?" అని అడిగాడు. పైనుంచి "హాఁ" అని వినబడింది. అతనికి అది చాలింది.

తర్వాత మా గుమ్మం దగ్గరికి వచ్చాడు. నేను అడక్కుండానే చెప్పాను. "కుళాయి కట్టేశాను భయ్యా. పొయ్యి మీద ఏమీ లేదు. పోయను."

అతను కదల్లేదు. "బాహర్ ఆయియే," అన్నాడు, బయటికి రమ్మని.

"పోయనని చెబుతున్నాను కదా," అన్నాను. ఏం, నా మాట మీద ఆ మాత్రం నమ్మకం లేదా, నేనేమన్నా రాక్షసినా అని ఆ పాత ఉక్రోషమే మళ్ళీ పొంగింది.

అతను అలాగే నిలబడ్డాడు. చివరికి నేనే బయటికి వచ్చాను. గుంతకు ఎదురుగా ఒక చోటు చూపించాడు. అక్కడ నిలబడ్డాను. నా రెండు చేతుల వైపూ చూశాడు. కొంగులోంచి బయటికి తీసి చూపించాను.

అప్పుడు మోకాళ్ళ మీద కూర్చుని, ఎడమ చెయ్యి గొట్టంలోకి పెట్టాడు. కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు, దాని వేళ్ళు సగమే ముడుచుకుంటున్నాయి. పని చేసినంతసేపూ అతను తూము వైపు చూడలేదు. నా చేతులనే చూస్తూ ఉన్నాడు.